ఏడు పలకల కుట్టుపడవ

అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండర్రా. మీరు ఊఁ కొట్టకపోతే ఆ రాజు అక్కడే ఆగిపోతాడు, తర్వాత నన్నడిగి లాభం లేదు.

ఆ రాజు పేరు మిత్రవర్ధనుడు. కోట సముద్రం ఒడ్డునే. పొద్దున్నే లేచి, చెప్పుల్లేకుండా ఇసుకలో నడిచి, వలలు బాగుచేసుకునే జాలరులతో నాలుగు మాటలాడి, మోకాళ్ళ దాకా నీళ్ళలో కాసేపు నిలబడితే గానీ ఆయన సింహాసనం ఎక్కేవాడు కాదు. "తడికాళ్ళతో కొలువుకెళ్తారా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అని రాణిగారు గొణిగేది. గొణుగుతూనే తుండుగుడ్డ అందించేది. రోజూ ఇదే తంతు.

ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి ఏదైనా సరే పెద్దదిగా ఉండాలి. నడిపివాడికి ఏదైనా సరే గబగబా అయిపోవాలి. చిన్నవాడు సోమదత్తుడు. వాడికి అడగడం జబ్బు. ఇదేంటి, అదెందుకు, ఇలా చేస్తే ఏమవుతుంది? వాడు ఎదురొస్తున్నాడంటే గురువుగారు సందు మారిపోయేవారట. మన బుజ్జిగాడిలాగే అనుకోండి. ఒరే, నవ్వకు, నిన్నే అంటున్నా.

ఒకనాడు కొలువు నిండుగా ఉంది. ఉన్నట్టుండి నట్టనడుమ తాటిచెట్టంత పొగ లేచింది. ఆ పొగలో ఒక మొహం. ఇంతింత మీసాలు, గుండ్రాయిలాంటి తల.

"నేను శిలాముఖుణ్ణి! ఏడు సముద్రాల అవతల దీవి నాది. నీ ఒడ్డున పడవలు చేసేవాళ్ళందర్నీ నాకు బానిసలుగా పంపించు!" అంది పొగ.

రాజు లేచి నిలబడ్డాడు. "వాళ్ళు నా మనుషులు. గొడ్లనుకున్నావా తోలి పంపడానికి? పంపను, పో."

"పంపవా? అయితే రాజా, నీ ఒళ్ళు రాయైపోనీ! రోజుకో అంగుళం!"

వాడు పేరు పెట్టి పిలిచి, వేలు చూపించి ఏదంటే అది రాయైపోతుంది. అదీ వాడి మంత్రం. రాజుగారి అరికాళ్ళు గచ్చుకి అతుక్కుపోయాయి.

"డెబ్బయ్యో రోజు పొద్దు గుంకేసరికి రాయి నీ గుండె దాకా వస్తుంది! ఇక నన్నెవడూ ఏమీ చెయ్యలేడు. నా ప్రాణం నా దీవిలో చిలకలో ఉంది. ఆ చిలకని ఎవడైనా పడవెక్కించి, సముద్రం దాటించి, అవతలి ఒడ్డున దింపితేనే నాకు చావు. రమ్మను చూద్దాం, ఏ పడవ వస్తుందో!"

చూశారా? వాణ్ణి అడిగారా ఎవరైనా? ఈ మాంత్రికులందరికీ ఇదే రోగం. అడక్కపోయినా ప్రాణమెక్కడుందో చెప్పేసిగానీ పోరు.

పెద్దవాడు వెంటనే మీసం మెలేశాడు. వెయ్యి మేకులు కొట్టి ఏనుగంత ఓడ చేయించాడు. బాజాభజంత్రీలతో బయల్దేరాడు. పదో రోజున పావురం చీటీ తెచ్చింది. "మొదటి సముద్రం దాటాను. దాని తర్వాత పెద్ద ఇసకమేట ఉంది. రెండో సముద్రం ఆ మేటకి అవతల ఎక్కడో ఉందట. ఓడ కదలడం లేదు. ఏనుగుల్ని పంపండి."

అదీ సంగతి. ఏడు సముద్రాలూ కలిసి లేవర్రా. ఒక్కో సముద్రానికీ మధ్య నేల ఉంది. ఒకచోట ఇసక, ఒకచోట రాళ్ళు, ఒకచోట ముళ్ళకంప. ఓడకి కాళ్ళుంటాయా? అందుకే మన ఒడ్డునుంచి ఇంతవరకూ ఎవరూ ఆ దీవికి పోలేదు.

"ఇంతేనా!" అన్నాడు నడిపివాడు. "ఎక్కడి పడవ అక్కడే చేసుకుంటే పోలా?" గొడ్డళ్ళు, రంపాలు, నలభైమంది వడ్రంగులు, అందర్నీ వేసుకుని పరుగెత్తాడు. ఇరవయ్యో రోజున ఇంకో పావురం. "రెండు సముద్రాలు దాటాను. ఇక్కడ రాళ్ళు తప్ప ఒక్క చెట్టు లేదు. కర్ర పంపండి."

అప్పటికి రాజుగారు పిక్కల దాకా రాయి. రాణిగారు తుండుగుడ్డ ఒళ్ళో పెట్టుకుని ఆ రాతికాళ్ళ దగ్గరే కూర్చుంది. అన్నం లేదు, నీళ్ళు లేవు. సోమదత్తుడు అది చూడలేక ఒడ్డుకి పోయి భోరుమని ఏడ్చాడు.

ఏడుస్తూ ఏడుస్తూ తలెత్తి చూస్తే, ఎదురుగా ఒక పిల్ల తెప్ప విప్పుతోంది. పేరు నూకాలు. పడవలు కుట్టే ఎర్రన్న మనవరాలు. తాడు లాగింది, ముడి జారింది, నాలుగు దుంగలు నాలుగు వైపులకి విడిపోయాయి. ఒక్కోటీ ఎత్తి ఎండలో ఆనించింది.

వాడి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. "తెప్ప ఎందుకు విప్పుతున్నావు?"

"ఎందుకేంటి బాబూ? వేటనుంచి రాగానే విప్పి ఆరేస్తాం. ఆరకపోతే నీళ్ళు తాగి బరువెక్కుతుంది. రేపు మునుగుతుంది."

"మళ్ళీ కట్టుకోవచ్చా?"

"రోజూ కడతాంగా!"

"పడవని కూడా ఇలా విప్పొచ్చా?"

నూకాలు నడుం మీద చెయ్యేసుకుని వాడివైపు చూసింది. "మేకులు కొట్టిన పడవైతే విప్పలేం. మా తాత చేసేది కుట్టుపడవ. కొబ్బరిపీచు తాడుతో పలకకి పలక కుడతాడు. కుట్టినదాన్ని విప్పడానికేముంది? కానీ ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. ఎందుకు విప్పుతారు?"

"మోసుకెళ్ళడానికి! మోసుకెళ్ళి, కుట్టుకుని, దాటి, విప్పుకుని, మళ్ళీ మోసుకెళ్ళడానికి!"

నూకాలు చేతిలో తాడు జారి ఇసుకలో పడింది.

ఎర్రన్న తాత ముందు నవ్వాడు, తర్వాత రాత్రీ పగలూ కూర్చున్నాడు. బూరుగు కర్ర తేలిక, దాన్నే పలకలు కోశారు. మొదటి పడవ రెండు ముక్కలు. విడిపోయింది బాగానే, కానీ ఒక్కో ముక్కా నలుగురు మోసినా లేవలేదు. రెండో పడవ ఇరవై ముక్కలు. మొయ్యడం తేలికే, కానీ కుట్టడానికి రెండు రోజులు పట్టింది. పైగా నీళ్ళలో దింపితే ఇరవై చోట్లా జల్లెడలా కారింది. తాత గెడ్డం గోక్కున్నాడు. మూడోది ఏడు ముక్కలు. అడుక్కి ఒకటి, పక్కలకి అటు రెండు ఇటు రెండు, ముక్కుకి ఒకటి, తోకకి ఒకటి. పలకల అంచుల్లో వరసగా బెజ్జాలు. సందుల్లో పీచు కూరితే, నీళ్ళు తగిలి అది ఉబ్బి బిగుసుకుంటుంది. తాడు కొస లాగితే జారిపోయే ముడి. కావడిబద్దే తెడ్డు. పాత చీరలు కలిపి కుట్టిందే తెరచాప. ఒకపూటలో కుట్టొచ్చు, కన్ను మూసి తెరిచేలోగా విప్పొచ్చు.

"ఒక్కటే మాట," అన్నాడు తాత. "ఆరందే కట్టకండి. ఎంత తొందరైనా సరే, ప్రతి ఒడ్డునా ఒక పగలంతా ఎండనివ్వండి."

"సరే తాతా," అన్నాడు సోమదత్తుడు.

"నేనూ వస్తాను," అంది నూకాలు. "ఈ బాబుకి సూదిలో తాడెక్కించడమే రాదు."

నాలుగు పలకలు, వంటకుండలు వాడి కావడికి, మూడు పలకలు ఆమె తలకి. ముప్పయ్యో రోజున బయల్దేరారు. మొదటి సముద్రంలో ఒక ముసలి తాబేలు తెగిన వలలో చిక్కుకుని కొట్టుకుంటోంది. నూకాలు కత్తితో వల కోసింది. "అమ్మా, ఈ మేలు మర్చిపోను, నేల మీద పాకుతూ, నీళ్ళలో ఈదుతూ మీ వెనకే వస్తాను," అంది తాబేలు. ఇసకమేట దాటారు. అక్కడ పెద్దన్న ఓడ నీడలో కూర్చుని ఏనుగుల కోసం ఎదురుచూస్తున్నాడు. "ఆ చెక్కలేంట్రా?" అని పకపకా నవ్వాడు. వీళ్ళు ఆగకుండా ముందుకి పోయారు. రెండో సముద్రం. అవతల నడిపన్న రాళ్ళ మీద కూర్చుని కర్ర కోసం ఎదురుచూస్తున్నాడు. మూడో సముద్రం దాటి పలకలు విప్పేసరికి, పీచు చుట్టలో ఒక పీత కూర్చునుంది. "దిగవే," అన్నాడు సోమదత్తుడు. "నేనెందుకు దిగాలి? ఇది నా ఇల్లు. నువ్వే కాస్త మెల్లగా నడు, ఊరికే కుదిపేస్తున్నావు," అంది పీత. దాంతో ఎవరు వాదిస్తారు? మోసుకెళ్ళారు.

నాలుగైంది. ఐదైంది. ప్రతి ఒడ్డునా పలకలు విప్పడం, ఎండేయడం, ఎండేవరకూ కూర్చోవడం. సోమదత్తుడు వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు. నాన్నగారి నడుం దాకా వచ్చుంటుంది. నాన్నగారి బొడ్డు దాకా వచ్చుంటుంది. ఐదో ఒడ్డున ఇక తట్టుకోలేకపోయాడు.

"నూకాలూ, ఈ ఒక్కసారికీ ఎండబెట్టొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"తాత చెప్పింది గుర్తులేదా బాబూ?"

"ఎవరికోసం పోతున్నామో అది గుర్తుంది!" అంటూ వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నూకాలు మెత్తబడింది. అక్కడే పొరపాటైంది. తడి పలకలు మోసుకెళ్ళి, తడివే కుట్టి, ఆరో సముద్రంలోకి దిగారు.

నడిసముద్రంలో పడవ రాయిలా బరువెక్కింది. నానిపోయిన కుడిపక్క పలక బెజ్జాల దగ్గర పటుక్కున చీలింది. చీలి, ఊడి, అలల్లో పడి ఎటో పోయింది. నీళ్ళు లోపలికి వచ్చేశాయి.

"మునిగాం తల్లోయ్!" అని నూకాలు అరిచింది.

అప్పుడు మన తాబేలు సర్రున ఈదుకొచ్చి, ఊడిన చోట డొప్ప అడ్డంపెట్టి అతుక్కుపోయింది. "చూస్తారేం, నన్ను కూడా కుట్టండి!" అంది. డొప్ప చుట్టూ తాడు తిప్పి బిగించారు. అలా తాబేలే ఏడో పలకైంది. ఒడ్డెక్కాక సోమదత్తుడు ఇసుకలో కూలబడి, "నా వల్లే, అంతా నా వల్లే," అన్నాడు. నూకాలు పలకలు విప్పి ఎండేసింది. వాడు కూడా లేచి, పక్కన ఒక్కోటీ తిప్పుతూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. మళ్ళీ తొందర మాట ఎత్తలేదు.

అరవై ఎనిమిదో రోజు సాయంత్రం ఏడో సముద్రం దాటి దీవి ఎక్కారు. ఒడ్డంతా బూడిద. ఇంతకుముందు ఆ సముద్రంలోకి వచ్చిన జాలరి పడవలన్నీ శిలాముఖుడు తగలబెట్టిన బూడిద.

"పడవ కనిపిస్తే మన పనైపోయినట్టే," అంది నూకాలు. "కనిపించకుండా చేద్దాం."

తెల్లారేసరికి ఆ ఒడ్డున ఒక పూటకూళ్ళిల్లు వెలిసింది. రెండు పలకలు రాళ్ళ మీద పెడితే కూర్చునే బల్ల. రెండు నిలబెట్టి గోడ. ఒకటి తలుపు. ఒకటి చేపలు కోసుకునే పీట. తెరచాప పందిరి, కావడిబద్ద దానికి రాట. కుట్టుతాడంతా అల్లి ఉట్టి కట్టారు. మరి తాబేలు? దాని మీద నీళ్ళకుండ పెట్టారు, కుదురులాగా.

చేపల పులుసు వాసనకి శిలాముఖుడు ముక్కు ఎగబీలుస్తూ వచ్చాడు. మొహం పొగలో ఎంతుందో, పొట్ట అంతకు మూడింతలుంది. "ఎవర్రా మీరు? పడవేది? పడవ లేకుండా ఎలా వచ్చారు?"

సోమదత్తుడు చేతులు కట్టుకున్నాడు. "తమరే వెతుక్కోండి బాబయ్యా. దొరికితే మేం మీ బానిసలం. దొరక్కపోతే మమ్మల్ని ఇక్కడే వండుకోనివ్వండి. మొదటి విస్తరి తమకే."

శిలాముఖుడు దీవి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, ఆయాసపడుతూ బల్ల మీద కూర్చున్నాడు. లేదు. రాళ్ళ సందులన్నీ వెతికి రెండోసారి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. లేదు. గోడ పట్టుకుని నీళ్ళలోకి తొంగిచూసి (వాడికి ఈత రాదర్రా, నీళ్ళంటే చచ్చే భయం), మూడోసారి వచ్చి, తలుపుకి చేరగిలబడి, బల్ల మీదే కూర్చున్నాడు. "లేదు!" అన్నాడు.

అప్పుడు తాబేలుకి తుమ్మొచ్చింది. నీళ్ళకుండ గడగడా ఊగింది.

"కుండ ఊగిందేమే?"

"తమరు కూర్చున్నారు కదా బాబయ్యా, భూమి అదిరింది," అంది నూకాలు.

వాడు ఉబ్బిపోయాడు. పులుసు మూడు కుండలు ఊడ్చేశాడు. అక్కడే, ఆ బల్ల మీదే వెల్లకిలా పడి గుర్రుపెట్టాడు.

పీత గబగబా గుట్టెక్కింది. గుట్ట మీద చిలక పంజరం. తలుపుకి ఏడు పట్టుదారాలు. మనిషి చెయ్యి తగిలితే గంటలు మోగుతాయి. పీతకి చెయ్యెక్కడిది? కొండితో ఏడూ పుటుక్కు పుటుక్కుమని కత్తిరించేసింది. "ఊఁ, దిగిరా. నన్ను తొక్కకు," అంది. చిలక పాపం ఎగరలేదు, చిన్నప్పుడే రెక్కలు కత్తిరించేశాడు వాడు. పీత వెనకే నడుచుకుంటూ వచ్చింది.

అన్నీ విప్పారు. బల్ల తప్ప. బల్ల మీద వీడున్నాడే!

సోమదత్తుడు దోసిళ్ళతో ఇసుక తెచ్చి బల్ల కింద కూరడం మొదలుపెట్టాడు. నూకాలు చేపలబుట్టతో పోసింది. ఇసుక పలకల ఎత్తు అందుకున్నాక, నిద్రపోయే చంటిబిడ్డ కిందనుంచి తల్లి తడిగుడ్డ లాగినట్టు, ఒక్కో పలకా మెల్లగా లాగేశారు. వాడు "ఊఁ" అని పక్కకి ఒత్తిగిలి ఇసుక మీదే పడుకున్నాడు.

పొద్దు వాలేసరికి పడవ కుట్టేశారు. రాత్రంతా తెడ్డేశారు.

డెబ్బయ్యో రోజు. శిలాముఖుడు లేచి చూస్తే బల్ల లేదు, పులుసు లేదు, చిలక లేదు. గుట్టెక్కి చూస్తే సముద్రంలో దూరంగా ఒక పడవ. వెంటపడదామంటే దీవిలో పడవేది? అన్నీ తనే తగలబెట్టుకున్నాడు! మనుషుల మొహాలు కనపడ్డం లేదు, పడవొక్కటే కనిపిస్తోంది. వేలు చాపి, గొంతు చించుకుని, "ఓ పడవా!" అని మొదలుపెట్టాడు.

"నూకాలూ, ముడి లాగు!" అని అరిచాడు సోమదత్తుడు.

నూకాలు కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఆరు పలకలూ ఆరు వైపులకి విడిపోయాయి, తాబేలు బుడుంగున మునిగి తేలింది. "...రాయైపోనీ!" అనే మాట వచ్చేసరికి అక్కడ పడవే లేదు. మంత్రం నీళ్ళలో పడి చుయ్యిమని ఆరిపోయింది. శిలాముఖుడు కళ్ళు నులుముకుని చూశాడు. ఏవో చెక్కముక్కలు తేలుతున్నాయి. ఎవరిని పిలవాలో తెలీక నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

వీళ్ళు తాడు చుట్టుకుని పలకలు పట్టుకున్నారు. చిలక సోమదత్తుడి నెత్తిమీద, పీత చిలక పక్కన. తాడు కొస నోట కరుచుకుని తాబేలు ఈదింది, ఈదింది, ముసలి ప్రాణం పోయేలా ఈదింది. పొద్దు ఎర్రబడింది. పొద్దు నీళ్ళని తాకింది. ఒడ్డు వచ్చింది. చిలక ఒక్క గెంతు గెంతి ఇసుక మీద కాలు మోపింది.

దూరంగా దీవి మీద సన్నటి పొగ లేచి, అలా అలా కలిసిపోయింది. శిలాముఖుడి కథ అంతటితో సరి.

చిలకకేం కాలేదు, కంగారుపడకండి. కానీ సోమదత్తుడి గుండెల్లో రాయి పడింది. తిరిగి చూస్తే పొద్దు లేదు. "నూకాలూ, పొద్దు ముందు గుంకిందా, చిలక ముందు దిగిందా?"

"నేను చూళ్ళేదు బాబూ. నేను చిలకనే చూశాను."

"నేను నా కాళ్ళనే చూసుకున్నాను," అంది చిలక.

ఎవరూ చూడలేదు. ఇంకా ఆరు సముద్రాలు తిరిగి దాటాలి, నలభై రోజులు, ఆ సంగతి తెలియకుండా! దారిలో నడిపన్న దొరికాడు, పెద్దన్న దొరికాడు. ఈసారి పెద్దన్న నవ్వలేదు. "ఒక పలక నాకివ్వరా," అని తలకెత్తుకున్నాడు. ఏ ఒడ్డునా తొందరపడకుండా పలకలు ఎండబెట్టుకుంటూనే వచ్చారు. చివరి ఎండలో కూర్చున్నప్పుడు సోమదత్తుడు సముద్రం వైపే చూస్తూ ఉన్నాడు, అయినా లేవలేదు.

మొదటి సముద్రం దాటుతున్నారు. తమ ఒడ్డు కనిపించింది. ఒడ్డున ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"నాన్నగారే!" అన్నాడు పెద్దవాడు.

"కదలడం లేదు," అన్నాడు నడిపివాడు.

నిజమే. ఆ మనిషి కదలడం లేదు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని నిలువునా నిలబడి ఉన్నాడు, బొమ్మ చెక్కినట్టు. సోమదత్తుడి చేతిలో తెడ్డు ఆగిపోయింది. నూకాలు వాడి భుజం మీద చెయ్యేసింది.

అప్పుడు ఆ మనిషి ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. మోకాళ్ళ దాకా నీళ్ళలోకి వచ్చేశాడు. రాయి నీళ్ళలోకి నడిచిరాదు కదర్రా!

సోమదత్తుడు పడవలోంచి దూకి, ఈదుకుంటూ, పడుతూ లేస్తూ పోయి తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు. కాళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఒడ్డుకి చేరాక నూకాలు ముడి లాగింది, పడవ విడిపోయింది. అన్నదమ్ములు ముగ్గురూ తలా రెండు పలకలు ఎత్తుకున్నారు.

"నాకూ ఒకటివ్వండమ్మా," అన్నాడు రాజు. "ఇన్నాళ్ళూ నిలబడే ఉన్నాను, కాస్త మోస్తాను."

"ఇక మిగిలింది ఏడో పలకేనండీ," అంది నూకాలు నవ్వాపుకుంటూ. ఏడో పలక మెడ చాచి, "మెల్లగా ఎత్తు నాయనా, నడుం పట్టేసింది," అంది.

రాజుగారు తాబేలుని నెత్తికెత్తుకుని, చెప్పుల్లేకుండా, ఇసుకలో అడుగులేసుకుంటూ కోటకి నడిచారు. గుమ్మంలో రాణిగారు తుండుగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. "తడికాళ్ళతో లోపలికొస్తారా," అని గొణగబోయింది. కింద కూర్చుని, ఆ తడికాళ్ళు తనే తుడిచింది. తుడుస్తూనే ఉంది, కాళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి.

సోమదత్తుడికీ నూకాలుకీ పెళ్ళైంది. బంగారు పీటలు వద్దంది నూకాలు. పడవ పలకల మీదే కూర్చున్నారు. ఎర్రన్న తాత కన్యాదానం చేసేముందు పలక తడిమి చూశాడు, ఆరిందా లేదా అని. తర్వాత సోమదత్తుడే రాజయ్యాడు. నూకాలూ వాడూ ఒక మాట మీద అరవై ఏళ్ళు ఏలారు. పీత మాత్రం ఆ పీచు చుట్ట ఖాళీ చెయ్యలేదట.

కథ ఒడ్డెక్కింది. ముడి లాగేశాను. ఇక మీ పలక మీరు ఎత్తుకుని లోపలికి పదండి.